సముద్రంలో గీత దాటితే జైలేనా?

మాది హిందూపురం. ధర్మవరంలోనో పెనుకొండలోనో రైలెక్కి బెంగళూరుకి పనికి పోయేవాళ్లు మా వైపు చాలామంది. హిందూపురం దాటిన కాసేపటికే కర్ణాటక వచ్చేస్తుంది. ఎప్పుడొచ్చిందో ఎవరూ చూడరు, ఎవరూ ఆపరు. వీళ్లలాగే పని కోసం బయల్దేరి, కనపడని గీత దాటారని ఏడాదికి పైగా జైల్లో ఉన్న మన తెలుగువాళ్ల కథ ఈరోజు చెప్తాను.

'తండేల్' సినిమా చూసుంటారు. దాని వెనకున్న అసలు సంగతి ఇదే. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల జాలర్లు ఏటా గుజరాత్‌లోని వెరావల్‌కి వలస పోతారు. బోటు అక్కడి ఓనర్‌ది, కష్టం వీళ్లది. 2018 నవంబర్ చివర్లో, తమ జలాల్లోకి వచ్చారని పాకిస్తాన్ వీళ్లని పట్టుకుంది. కరాచీ జైల్లో పెట్టింది. 2020 జనవరి 6న 20 మంది వాఘా దగ్గర మన నేల మీద అడుగుపెట్టారు.

అసలు చట్టం ఏమంటోంది? మన దేశం 1976లో సముద్రాన్ని కొలిచి చట్టం చేసింది. తీరం నుంచి 12 నాటికల్ మైళ్లు, అంటే దాదాపు 22 కిలోమీటర్లు, మన ప్రాదేశిక జలాలు. 200 మైళ్ల వరకు, అంటే సుమారు 370 కిలోమీటర్లు, చేపల మీద హక్కు మనదే. 1981లో విదేశీ పడవల కోసం ఇంకో చట్టం వచ్చింది. లైసెన్స్ లేకుండా 12 మైళ్ల లోపల చేపలు పడితే మూడేళ్ల వరకు జైలు, లేదా 15 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. ఆ బయట 200 మైళ్ల లోపల పడితే జరిమానా మాత్రమే, 10 లక్షల వరకు.

ఇక్కడ ఒక్క మాట గమనించండి. ఆ శిక్ష రాసింది పడవ ఓనర్‌కి, లేదా పడవ నడిపే మాస్టర్‌కి. మన జాలర్ల భాషలో ఆ మాస్టరే తండేల్. వల లాగే కూలివాడి పేరు అందులో లేదు.

1982 నాటి ఐక్యరాజ్యసమితి సముద్ర చట్టం కూడా ఇదే దారిలో ఉంది. ఆ బయటి జోన్‌లో చేపలు పట్టినందుకు, దేశాల మధ్య ఒప్పందం ఉంటే తప్ప జైలు వెయ్యకూడదు. భారత్ 1995లో, పాకిస్తాన్ 1997లో దీన్ని ఆమోదించాయి.

మరి జైలెందుకు? చేపల కేసుతో పాటు అక్రమంగా దేశంలోకి వచ్చారన్న కేసు కూడా పడుతుంది కాబట్టి. పైగా సర్ క్రీక్ గొడవ తేలక, రెండు దేశాల మధ్య సముద్రంలో గీత ఎక్కడుందో ఇప్పటికీ ఒప్పుకోలేదు. మనవాళ్లు అక్కడ, వాళ్ల జాలర్లు ఇక్కడ జైళ్లలో ఉంటారు. 2008 ఒప్పందం ప్రకారం ఏటా జనవరి 1న, జూలై 1న ఖైదీల లిస్టులు మార్చుకుంటారు.

పెనుకొండలో కోట గోడ కంటికి కనిపిస్తుంది. సముద్రంలో గోడ లేదు. బోటు పోతే ఓనర్‌కి డబ్బు నష్టం. కూలికెళ్లినవాడికి మాత్రం ఏడాది జీవితం పోతుంది, ఇంట్లో పొయ్యి ఆగిపోతుంది. ఇద్దరి నష్టం ఒకటేనా? ఆలోచించండి.