ఎత్తి పోసిందెవరు?

నాగార్జునసాగర్ నుంచి మాచర్ల దారిలో 11 కిలోమీటర్లు వస్తే ఎత్తిపోతల. బండి దిగి నాలుగడుగులు వేస్తే చాలు, లోయకు అవతలి రాతిగోడ మీంచి చంద్రవంక వాగు 70 అడుగుల లోతుకు పడుతూ కనిపిస్తుంది. చాలామంది అక్కడే ఫొటో దిగి వెనక్కి మళ్ళుతారు. ఓపికున్నవాళ్ళు మెట్లదారిన లోయలోకి దిగుతారు. దిగేకొద్దీ హోరు పెరుగుతుంది, పక్కవాడితో మాట్లాడాలంటే అరవాల్సిందే. మడుగులో మొసళ్ళున్నాయి కనుక స్నానం మాట ఎవరూ ఎత్తరు.

నన్ను పట్టుకున్నది ఆ చోటి పేరు. మన జలపాతాల పేర్లు తిరగేసి చూడండి. తలకోనలో ఉన్నది కోన. ఉబ్బలమడుగులో మడుగు. మల్లెల తీర్థంలో తీర్థం. నీళ్ళు పడడమన్న సంగతి వాటిలో ఎక్కడా లేదు. నీళ్ళు చేరే చోటుకో, మనిషి మునిగే చోటుకో పేరు పెట్టి ఊరుకున్నారు. ‘జలపాతం’ బడిలో నేర్చుకున్న సంస్కృతం; ‘పాతం’ అంటే పడడం, అంతే. ఎత్తిపోతల అలా కాదు. అందులో పని ఉంది. ఎత్తడం, పోయడం.

కోయు–కోత, మేయు–మేత, నేయు–నేత, మోయు–మోత. ఆ వరసలోదే పోయు–పోత. దానికి ముందు ‘ఎత్తి’. ఇక్కడ కొంచెం ఆగాలి. ‘ఎత్తు’ అంటే ఉన్నతి అనే నామవాచకమూ ఉంది, పైకి లేపడమనే క్రియా ఉంది. ఎత్తు నుంచి పడుతుంది కాబట్టి ఎత్తిపోతల అని తేల్చేస్తారు చాలామంది. కానీ పేరులో ఉన్నది ‘ఎత్తు’ కాదు, ‘ఎత్తి’. క్త్వార్థకం. ఎత్తిన తరవాత పోసింది అని అర్థం. మరి ఎత్తిందెవరు?

ఈ ఖాళీలోకి ఒక కథ వచ్చి కూచుంది. యతులు తపస్సు చేసిన చోటు కనక ‘యతి తపోతలం’, అదే నలిగి ఎత్తిపోతల అయిందట. వినడానికి బాగుంది. దత్తాత్రేయుడి గుడి పక్కనే ఉంది కాబట్టి నమ్మబుద్ధి కూడా అవుతుంది. సంధి మాత్రం ఒప్పుకోదు. తపస్సు పక్కన ‘వ’ వస్తే తపోవనం. ‘త’ వస్తే మనస్తాపంలో లాగా సకారం నిలుస్తుంది, ‘తపస్తలం’ కావాలి. పోనీ, జనం నోటికి సంధులేమిటని సరిపెట్టుకుందామన్నా, పొలంలో రోజూ వాడే మాటను వదిలేసి యతుల దాకా పోవడం ఎందుకో నాకు అర్థం కాదు.

మోటార్లు రాకముందు కాలవ పల్లంలో, చేను మెరకలో ఉంటే నీళ్ళు తోడే బుట్ట, గూడ, వేసేవారు. గూడకు రెండు వైపులా తాళ్ళు. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి, రెండు చేతులా తాళ్ళు పట్టుకుని, ముందుకు వంగితే గూడ నీళ్ళలో మునుగుతుంది. వెనక్కి వాలితే నిండుగా పైకి లేస్తుంది. అదే ఊపులో గట్టు దాటించి చేలోకి కుమ్మరించాలి. ఒకరి ఊపు తప్పితే నీళ్ళన్నీ మళ్ళీ కాలవలోకే. ఒంటిమనిషైతే ఏతం. ఇదంతా ఎత్తిపోయడమే. ఆ పల్లెటూరి పనిమాటే తరవాత సర్కారు కాగితాలకెక్కింది: పట్టిసీమ ఎత్తిపోతల పథకం, కల్వకుర్తి ఎత్తిపోతల పథకం, 2019లో ప్రారంభోత్సవం జరిగిన కాళేశ్వరం. మన ఇంజినీర్ల మాటల్లో ఇంత నిఖార్సయిన తెలుగు తక్కువే.

గూడ దగ్గర ఎత్తేవాళ్ళు ఇద్దరు కనిపిస్తారు, పథకంలో పంపులు కనిపిస్తాయి. చంద్రవంక దగ్గర ఎవరూ కనిపించరు. దానికి జవాబు ‘పోత’ అన్న మాటలోనే దొరుకుతుందని నా అభిప్రాయం. కుండపోత వాన అంటాం. కుండ ఎవరి చేతిలో ఉందని అడగం. ఉక్కపోస్తోంది అంటాం, చెమట పోస్తోంది అంటాం. పోసేదెవరో వాక్యంలో ఉండరు. అమ్మవారు పోసింది అన్నప్పుడు మాత్రం పోసినామెకు పేరుంది. ప్రాణం పోయడం దగ్గరా, నారు పోసినవాడు నీరు పోయడా అన్న దగ్గరా, చెయ్యి ఎవరిదో చెప్పకుండానే తెలుస్తుంది. దానంతటది జరిగేదాన్ని కూడా ఎవరో చేత్తో చేసినట్టు చెప్పడం ఈ క్రియకు అలవాటు. లోయ అంచున నిలబడి మొదటిసారి ఆ పేరు పలికినవాడికి గుట్ట మీద నీళ్ళు చూస్తే, ఎత్తి పోసినట్టే అనిపించి ఉంటుంది. అతనికి యతి అవసరం పడి ఉండదు.

‘పోతల’ అన్న బహువచనం సంగతి వేరు. ఎత్తిపోతల పథకం అన్నప్పుడు అది షష్ఠి, ఎత్తిపోతల యొక్క పథకమని. ఇక్కడేమో తరవాత రావలసిన మాట ఏదో రాలిపోయి, విభక్తి రూపమే చోటి పేరై నిలిచింది. చంద్రవంకదీ ఇలాంటి తమాషాయే. నెలవంక అనుకుంటాం; వాగులూ వంకలూ అన్నప్పుడు వంకంటే ఏరే.

‘ఎత్తిపోతలకు జలకళ’ అని పేపర్లో శీర్షిక కనిపిస్తే, అది ఏ జిల్లా పేజీయో ముందు చూసుకోవాలి. పల్నాడు పేజీ అయితే ఆదివారం జనం కిక్కిరిసిపోతారు. నాగర్‌కర్నూల్ పేజీ అయితే పంపులు ఆన్ చేశారు.