క్లౌడ్ ఖాతా మూసే ముందు ఫైళ్ళను భద్రపరచుకొను విధము

హోసూరు – సర్జాపుర రోడ్ అనే మాటల పొడి అక్షరాలే హెచ్‌ఎస్‌ఆర్. బెంగళూరు ఆగ్నేయ భాగాన అగర చెరువు పక్కన ఏడు సెక్టార్లుగా విస్తరించిన ఈ లేఅవుట్ నేడు అంకుర సంస్థలకు, పేయింగ్ గెస్ట్ వసతి గృహాలకు పేరు పొందినది. కుప్పం, పలమనేరు, మదనపల్లె, హిందూపురం ప్రాంతాల పల్లెల నుండి వెళ్ళిన మన పిల్లలు ఎందరో అక్కడ ఉద్యోగాలు చేస్తున్నారు. మొదటి జీతంతో అమ్మకో నాయనకో ఒక స్మార్ట్‌ఫోన్ కొని, ఇంట్లో ఇంకెవరికీ ఈమెయిల్ లేనందున తమ ఖాతానే అందులో వేసి పంపడం సర్వసాధారణమైన విషయం. ఆ తరువాత ఒకనాడు ఆ బిడ్డ హెచ్‌ఎస్‌ఆర్‌లోని తన గదిలో కూర్చొని "ఈ పాత ఖాతా ఎందుకులే" అని మూసివేస్తే, నూట యాభై కిలోమీటర్ల అవతల అమ్మ ఫోన్‌లోని పేర్లు, నంబర్లు, ఫోటోలు మాయమయ్యే ప్రమాదం ఉన్నది. ఈ వ్యాసం అట్టి కుటుంబాల కొరకు.

క్లౌడ్ అనగా మేఘం. అయితే ఫైళ్ళు ఉండేది ఆకాశంలో కాదు, ఏదో ఒక సంస్థ నడిపే కంప్యూటర్లలో. మన ఫోన్ ఇంటర్నెట్ ద్వారా వాటిని చూపుతుంది. ఫోన్‌లో కనబడుతున్నది కాబట్టి ఫోన్‌లోనే ఉన్నదని అనుకోవడం వల్లనే చాలా నష్టాలు జరుగుతున్నవి. ముఖ్యంగా గూగుల్ ఫోటోస్‌లో 'ఖాళీ స్థలం కల్పించు' అనే సదుపాయం ఒకటి కలదు. ఫోన్ నిండినదని దానిని నొక్కినప్పుడు, క్లౌడ్‌కు చేరిన ఫోటోల ప్రతులను అది ఫోన్ నుండి తొలగిస్తుంది. ఆ పిదప కూడా తెరపై ఫోటోలు యథాప్రకారం కనబడుతూనే ఉంటాయి గాని, అవి క్లౌడ్ నుండి వచ్చే ప్రతిబింబాలు మాత్రమే. ఖాతా మూసినచో అవీ ఉండవు. ఐఫోన్‌లో 'నిల్వను అనుకూలపరచు' అనే అమరిక చేసేదీ దాదాపు ఇదే.

ఇక్కడ మూడు పనుల మధ్య భేదం తెలుసుకోవలసి ఉన్నది. నెలనెలా డబ్బు చెల్లించే అదనపు నిల్వ పథకాన్ని ఆపడం ఒకటి. ఫోన్ నుండి ఖాతాను తీసివేయడం రెండవది. ఇందులో క్లౌడ్‌లోని సరుకు అట్లే ఉంటుంది, ఆ ఫోన్‌లో మాత్రం కనబడదు. ఖాతానే శాశ్వతంగా తొలగించడం మూడవది. చాలామందికి కావలసినది మొదటిదే, చేసేది మూడవది. ఉదాహరణకు, 2025 మే నెలలో ఎయిర్‌టెల్ తన పోస్ట్‌పెయిడ్, వైఫై వినియోగదారులకు 100 జీబీ గూగుల్ నిల్వను ఆరు నెలలపాటు ఉచితంగా ప్రకటించినది. ఉచిత గడువు తీరిన పిదప రుసుము పడుతుంది. ఆ రుసుము వద్దనుకుంటే పథకం రద్దు చేసుకుంటే చాలును, ఖాతా మూయనక్కరలేదు. అయితే 15 జీబీ ఉచిత పరిమితికి మించి ఫైళ్ళు ఉన్నచో కొత్త ఫోటోలు చేరవు, జీమెయిల్‌కు ఉత్తరాలు రావు. రెండేళ్ళు అట్లే పరిమితి దాటి ఉంటే ఫైళ్ళను తొలగించే హక్కు గూగుల్‌కు ఉన్నది.

మూయకుండుటయే మేలైన సందర్భం మరొకటి కలదు. గూగుల్ ఫోటోస్ 2015లో మొదలైనప్పటి నుండి 2021 జూన్ 1 వరకు 'హై క్వాలిటీ' అనే అమరికలో చేర్చిన ఫోటోలు ఆ 15 జీబీ లెక్కలోనికి రావు. అవి ఎన్ని వేలున్నా ఉచితమే. అవే ఫోటోలను కొత్త ఖాతాలోనికి మార్చినప్పుడు మాత్రం లెక్కకు వస్తాయి. ఆరేళ్ళ కుటుంబ చిత్రాలు అట్టి పాత ఖాతాలో ఉన్నవారు దానిని పోగొట్టుకోవడం, ఉచితంగా దొరికిన గాదెను చేజేతులా కూల్చుకోవడమే. నన్నడిగితే అట్టి ఖాతాను ఉంచుకొని, సంకేతపదం మార్చుకొని, అప్పుడప్పుడు తెరుస్తూ ఉండమని చెప్తాను. అప్పుడప్పుడు తెరవడం కూడా అవసరమే. రెండేళ్ళు వాడని వ్యక్తిగత ఖాతాలను తొలగించే విధానాన్ని గూగుల్ 2023 డిసెంబరు నుండి అమలులో పెట్టినది.

ఇక మూయక తప్పదనుకున్నవారు మొదట చేయవలసిన పని, ఆ ఖాతా ఏ ఏ ఫోన్లలో ఉన్నదో చూడడం. ఇంట్లో ప్రతి ఫోన్‌లోనూ సెట్టింగ్స్ తెరచి ఖాతాల పట్టీని చూడండి. బెంగళూరులో కొన్న ఫోన్ కన్నడంలో ఉన్నచో 'ఖాతె' అని ఉంటుంది. మనకు చదవడం రానంత దూరపు మాట కాదు. పల్లెలోని ఫోన్‌కు ఆ ఇంటివారి పేరుతోనే కొత్త ఖాతా తెరచి, వారి మొబైల్ నంబరునే దానికి జతచేయవలెను.

తరువాత ఫోన్ నంబర్లు. కాంటాక్ట్స్‌లో ఎక్స్‌పోర్ట్ అనే ఎంపిక ద్వారా పేర్లన్నీ ఒకే వీసీఎఫ్ ఫైలుగా దిగుతాయి. దానిని కొత్త ఖాతాలోనికి ఇంపోర్ట్ చేసుకోవచ్చును. పాలకేంద్రం నంబరు, ఆర్‌ఎంపీ డాక్టరు నంబరు అమ్మకు కంఠస్థం ఉండవు. కనుక ఈ అయిదు నిమిషాల పనిని వాయిదా వేయరాదు.

వాట్సాప్ సంగతి వేరు. ఆండ్రాయిడ్ ఫోన్లలో దాని బ్యాకప్ గూగుల్ ఖాతాలోనే దాగి ఉంటుంది, 2024 నుండి 15 జీబీ లెక్కలోనికి కూడా వస్తున్నది. దానిని విడిగా దించుకోవడం కుదరదు. వాట్సాప్ సెట్టింగ్స్‌లో చాట్ బ్యాకప్ అనే చోట ఖాతాను కొత్తదానికి మార్చి, మరల ఒకసారి బ్యాకప్ తీయవలెను.

ఫోటోలు, డ్రైవ్, ఉత్తరాలు మొదలైనవన్నీ దించుకొనుటకు గూగుల్ వారి టేకౌట్ అనే సేవ 2011 నుండి ఉన్నది. కావలసిన వాటిని ఎంచుకొని కోరితే, అవి జిప్ మూటలుగా సిద్ధమై ఈమెయిల్‌కు లంకె వస్తుంది. కొన్ని గంటలు పట్టవచ్చు, కొన్ని రోజులూ పట్టవచ్చు. లంకె సుమారు వారం రోజులే పనిచేస్తుంది. మూట పరిమాణాన్ని 50 జీబీ దాకా ఎంచుకొనవచ్చును. మన ఊళ్ళ నెట్‌వర్క్‌కు 2 జీబీయే తగినది. మధ్యలో తెగిపోతే ఒక మూటనే మరల దించుకోవచ్చు. ఇంకొక కారణం కూడా ఉన్నది: ఫ్యాట్32 పద్ధతిలో ఉన్న పెన్‌డ్రైవ్‌లలో 4 జీబీకి మించిన ఒక్క ఫైలు పట్టదు. వీలైతే ఈ పని హెచ్‌ఎస్‌ఆర్‌లోని గది వైఫై మీద ముగించి, పండుగకు వచ్చేటప్పుడు పెన్‌డ్రైవ్ తెచ్చుకోవడం ఉత్తమం. నెట్ సెంటర్ కంప్యూటర్‌లో ఖాతా తెరవవలసి వస్తే, లేచే ముందు సైన్ అవుట్ చేయడం మరువరాదు.

టేకౌట్‌తో దిగనివి కూడా కొన్ని ఉన్నవి. ఇతరులు మీతో పంచుకొన్న ఫైళ్ళు వారి సొత్తు గనుక రావు. అట్లే మీరు పంచిన ఆల్బమ్‌లు మీ ఖాతాతోపాటు బంధువులందరికీ కనబడకుండా పోతాయి. చిన్నాన్న ఇంటివారికి, మేనత్త ఇంటివారికి ముందుగా చెప్పి, వారు తమ ఖాతాలలో భద్రపరచుకొన్న పిదపనే ముందుకు సాగవలెను. భార్యాభర్తల మధ్య అయితే గూగుల్ ఫోటోస్‌లోని 'పార్ట్‌నర్ షేరింగ్' ద్వారా ఒకరి ఫోటోలను మరొకరి ఖాతాలోనికి నేరుగా చేర్చవచ్చును.

దించుకొన్నంత మాత్రాన పని పూర్తి కాలేదు. మూట విప్పి చూడవలెను. ఫోటోల పక్కన జేసన్ అనే చిన్న ఫైళ్ళు కనబడతాయి. వాటిలో తేదీలు, వివరణలు ఉంటాయి గనుక చెత్త అని పారవేయకండి. అన్నిటికన్నా పాతది ఒకటి, పెద్ద వీడియో ఒకటి, చివరి మూటలోనిది ఒకటి తప్పక తెరచి చూడండి. ఇంటర్నెట్ ఆపివేసి చూస్తే మరీ మంచిది, అప్పుడు తెరుచుకొన్నదే నిజంగా మన దగ్గర ఉన్నది. రెండు ప్రతులు చేసి ఒకటి బెంగళూరులో, ఒకటి ఊళ్ళో ఉంచండి.

అన్నింటికీ ఒకే ప్రయాస అక్కరలేదు. డిజిలాకర్‌లోనికి సంబంధిత శాఖలే జారీచేసిన పత్రాలు చట్టరీత్యా అసలు పత్రాలతో సమానం, ఎప్పుడైనా మరల తెచ్చుకోవచ్చు. మనమే స్కాన్ చేసి ఎక్కించినవాటికి ఆ విలువ లేదు. అవ్వ గొంతు, పెళ్ళి వీడియో ఏ కార్యాలయమూ తిరిగి జారీ చేయదు. మొదట దించవలసినవి అవే.

ఈ మాట ఊరకే చెప్పడం లేదు. మా పాఠశాలలో చదివిన ఒక అబ్బాయి హెచ్‌ఎస్‌ఆర్‌లో ఒక చిన్న సంస్థలో పనిచేసేవాడు. సంస్థ ఇచ్చిన ఖాతాలో స్థలం ఎక్కువగా ఉన్నదని చెల్లెలి పెళ్ళి ఫోటోలు, అవ్వ పాడిన దంపుళ్ళ పాటల రికార్డులు అందులోనే పెట్టుకొన్నాడు. ఉద్యోగం వదలిన రోజు సాయంత్రానికే ఖాతా తెరుచుకోలేదు. నెల దాటాక అడిగితే ఏమీ లేదన్నారు. అవ్వ అప్పటికే కాలం చేసినది.

సంస్థలు, కళాశాలలు ఇచ్చే గూగుల్ ఖాతాలు మనవి కావు, వారి అడ్మిన్ చేతిలో ఉంటాయి. టేకౌట్‌ను కూడా అడ్మిన్ ఆపివేయవచ్చును. తొలగించిన ఖాతాను తిరిగి నిలబెట్టే వీలు అడ్మిన్‌కు 20 రోజులు మాత్రమే ఉంటుంది. కనుక సొంత ఫోటోలు ఏవైనా అందులో ఉంటే చివరి రోజు దాకా ఆగక, అనుమతి అడిగి ముందే తీసుకోవలెను. సంస్థ ఫైళ్ళను మాత్రం ముట్టరాదు. అట్టివి తెచ్చుకొని చిక్కుల్లో పడవద్దు.

ఇతర సేవల విషయం క్లుప్తంగా. మైక్రోసాఫ్ట్ వన్‌డ్రైవ్ ఉచితంగా 5 జీబీ ఇస్తుంది. కంప్యూటర్‌లో ఫైలు పక్కన మబ్బు గుర్తు ఉంటే అది క్లౌడ్‌లోనే ఉన్నదని, 'ఎల్లప్పుడూ ఈ పరికరంలో ఉంచు' అని ఎంచుకొంటే దిగుతుందని అర్థం. డ్రాప్‌బాక్స్ ఉచిత పరిమితి 2 జీబీ. అందులో కూడా 'ఆన్‌లైన్ మాత్రమే' అని ఉన్నవి ఖాతాతోపాటు పోతాయి. యాపిల్ ఐక్లౌడ్ 5 జీబీ, తన గోప్యతా పుట ద్వారా సమాచార ప్రతిని అడిగి తీసుకొనే వీలు కల్పిస్తున్నది.

ఇవన్నీ ముగిశాక, ఆ ఈమెయిల్ ఎక్కడెక్కడ ఇచ్చారో ఒక కాగితం మీద వ్రాసుకోండి: బ్యాంకు, డిజిలాకర్, గ్యాస్ కనెక్షన్, పిల్లల పరీక్షల దరఖాస్తులు, గూగుల్ పే. ప్రతిచోటా కొత్త చిరునామా మార్పించవలెను. మూసిన జీమెయిల్ చిరునామాను గూగుల్ మరెవ్వరికీ ఇవ్వదు, కొత్తగా నమోదు చేసుకొందామంటే మీకూ దొరకదు. ఉత్తరాలు మాత్రమే వద్దనుకుంటే జీమెయిల్ సేవను ఒక్కదానినే తొలగించి, ఖాతాను నిలుపుకోవచ్చును.

తుది మెట్టుగా ఖాతా పుటలో 'డేటా, గోప్యత' విభాగానికి వెళ్ళి తొలగింపును ఎంచుకోవలెను. మైక్రోసాఫ్ట్ అయితే మనసు మార్చుకొనుటకు 30 లేక 60 రోజుల గడువును మనమే ఎంచుకోనిస్తుంది, 60నే ఎంచుకోండి. గూగుల్‌లో అట్టి ఖచ్చితమైన గడువు లేదు. వెంటనే ప్రయత్నిస్తే తిరిగి రావచ్చును, ఆలస్యమైతే రాదు. కనుక ఆ బొత్తాం నొక్కే ముందు ఊరికి ఫోన్ చేసి, అమ్మ ఫోన్‌లో కొత్త ఖాతా కింద పేర్లు, ఫోటోలు కనబడుతున్నవో లేదో ఆమె చేతనే చూపించుకొని, ఆ పిదప నొక్కండి.