నత్తకు శుశ్రూష

వైద్యశాస్త్రమునకును నత్తకును గల పరిచయము మన దేశమున మిక్కిలి ప్రాచీనమైనదే గాని, అది నత్తకు మాత్రము ప్రాణాంతకమైన పరిచయము. పదునొకండవ శతాబ్దమునాటి చక్రదత్తమను వైద్యగ్రంథమున, భుజించిన యన్నము జీర్ణమగు వేళ కడుపున పుట్టు పరిణామశూలకు శంబూకభస్మమును వేడినీటితో సేవింపుమని విధింపబడినది. గుల్లలను శుద్ధిచేసి, రెండు మూకుళ్ల నడుమ నుంచి, సందులకు మట్టిగుడ్డ చుట్టి, పిడకల పుటములో తెల్లని బూడిద యగువరకు కాల్చు ఆ విధానము నేటికిని ఆయుర్వేద వైద్యుల యెరుకలో నున్నది. శ్రీకాకుళ, విజయనగర మండలములలో చెరువు గర్భములందును, వరిమళ్లలోను దొరకు నత్తలను ఏరి, ఉప్పునీట కడిగి, ఉడికించి కూర వండుకొనువారు అది మూలవ్యాధికి మంచిదని చెప్పుదురు. నత్తలకు దాయాదులైన సముద్రపు గుల్లలను బట్టీలలో కాల్చి సున్నము చేయుట తీరవాసులలో కొందరకు జీవనోపాధియై యుండెను. ఇట్లు మందై, కూరయై, గోడకు పూతయై, తాంబూలమున రవంత సున్నమై మన బ్రదుకులలో కలిసిపోయిన యీ జాతికి, దానికే జబ్బు చేసినచో ఏమి చేయవలెనను విచారము మాత్రము మన గ్రంథములలో నెచ్చటను నాకు కానరాలేదు.

అయినను ఆ శుశ్రూషకు మొదటి మెట్టగు విద్య మన రైతులకు లేకపోలేదు. కదలని నత్త జబ్బుపడినదో, నిద్రించుచున్నదో, మరణించినదో పోల్చుకొనుటయే అందలి చిక్కు. నాగావళీ వంశధారల నడిమి పల్లెలలో వేసవి ముదిరి చెరువులెండిన దినములలో, పూడికమట్టిని బండ్లకెత్తి పొలములకు తోలుకొనునపుడు, పార పెళ్లగించిన గడ్డల నడుమ మూత బిగించుకొని రాయివలె పడియున్న నత్తలు బయటపడుచుండును. వానిని చచ్చినవని యెవ్వరును అనుకొనరు. మృగశిర కార్తె చినుకులు పడి చెరువున అడుగు నీరు చేరినంతనే ఆ మూతలు తెరచుకొనును. నేలమీద తిరుగు నత్తలలో పెక్కింటికి అట్టి గట్టి మూత లేదు. అవి తమ జిగురునే వాకిట పలుచని తెరగా ఆరబెట్టుకొని, కంచె మొదళ్లను, రాళ్ల సందులను కరచుకొని వాన కొరకు వేచియుండును. చచ్చినదైనచో దుర్గంధమే చెప్పును. బ్రదికియున్నదానికి తడి చూపిన చాలును.

ఈ తడి విద్య తెలియకపోవుటచే లండను నగరమున బ్రిటిషు మ్యూజియమువారు ఒక వింతను చూడవలసి వచ్చెను. ఈజిప్టు ఎడారినుండి వచ్చిన యొక నత్తను, ఒట్టి గుల్లయే యని తలచి, 1846 మార్చి 25వ తేదీన ఒక అట్టకు జిగురుతో అంటించి, పేరు వ్రాసి, అరలో నుంచిరి. నాలుగేండ్లు గడచిన పిదప, 1850 మార్చిలో, ఆ అట్టమీద మరక యొకటి కనబడగా అనుమానము కలిగి, దానిని ఊడదీసి గోరువెచ్చని నీట నుంచిరి. నత్త మెల్లగా తల బయటపెట్టెను! కోసుగడ్డ ఆకు పెట్టగా తిన్నది. అటుపిమ్మట సుమారు రెండేండ్లు బ్రదికినది. చరిత్ర కెక్కిన నత్త వైద్యములలో ఇంతకంటె ప్రసిద్ధమైనది లేదనవచ్చును.

1871లో ప్రకటితమైన డార్విను గ్రంథమున, మానవుని పుట్టుకను గూర్చిన ఆ మహాగ్రంథమున, ఒక రోగి నత్త కథ కలదు. లాన్స్‌డేల్ అను పరిశీలకుడు రెండు నత్తలను మేత చాలని చిన్న తోటలో విడిచెనట, అందొకటి దుర్బలము. బలముగలది కొలదికాలమునకే గోడ దాటి ప్రక్కనున్న సమృద్ధమైన తోటలోనికి పోయిన జాడ, అది విడిచిన జిగురుచార వలన తెలిసినది. రోగిని విడిచిపోయినదని ఆయన తలచుచుండగా, ఒక దినమునకు అది మరలి వచ్చి, తాను చూచిన దానిని తెలిపినదో యనునట్లు, పిమ్మట రెండును అదే చార వెంట గోడ దాటిపోయినవట. లాన్స్‌డేలు హృదయము మెత్తనిది కాబోలు. ఒక నత్త విడిచిన చారను మరియొక నత్త పట్టి పోవుట జంతుశాస్త్రజ్ఞులు పెక్కుమారులు చూచినదే. దానికి స్నేహమను పేరు పెట్టుటకు నాకు మాత్రము ధైర్యము చాలదు.

నత్తలపై మమకారము మన దేశమునకు తెచ్చిపెట్టిన ఫలము వేరు. వంగదేశపు సివిలు సర్వీసులోని విలియం హెన్రీ బెన్సను గుల్లల శాస్త్రమున ఆరితేరినవాడు. ఆయన 1847లో మారిషసు ద్వీపమునుండి, తూర్పు ఆఫ్రికా జన్మస్థానముగా గల పెద్ద నత్తలను రెంటిని సజీవముగా కలకత్తాకు గొనివచ్చెను. అవి అచ్చటి చౌరంఘీ తోటలోనికి చేరి సంతతిని పెంచెను. ఆ నత్త జాతిలో ప్రతి ప్రాణియు ఆడుదియు మగదియు తానే యగుటచేతను, ఒక్క విడతకే నూరుకు మించి గ్రుడ్లు పెట్టగలుగుటచేతను, రెండు చాలకపోవుట యనునది లేదు. శతాబ్దము గడచునప్పటికి, 1946-48 ప్రాంతమున, ఒరిస్సాలోని బాలేశ్వర సీమయందు కూరగాయల తోటలను ఆ సంతతి పాడుచేసెను. బాలేశ్వరమునుండి మన ఇచ్ఛాపురమునకు తీరమార్గ మొక్కటే. కలపతోను, మొక్కల వేళ్లకు అంటిన మట్టితోను గ్రుడ్లు పయనించుటకు ఎవరి యనుమతియు నక్కరలేదు. నేడు కోస్తా ఆంధ్రమున బొప్పాయి, అరటి తోటల రైతులు వర్షాకాలపు రాత్రులలో దీపము పట్టుకొని బుట్టలతో ఏరి ఉప్పునీట ముంచునవి యివియే. అమెరికాలోని మయామీ నగరమునకు 1966లో ఒక బాలుడు ముచ్చటపడి తెచ్చిన మూడు నత్తలు పెరటిలోనికి విడువబడి, ఏడేండ్లలో పదునెనిమిది వేలకు మించినవని లెక్క. బెన్సనును ఒక్కని నిందించి లాభము లేదు.

విచిత్రమేమనగా, మన రైతు ఉప్పుతో చంపు ఈ నత్తనే ఐరోపాలో పెక్కు ఇండ్లలో గాజుపెట్టెలలో ముద్దుగా సాకుచు వచ్చిరి. అచ్చట దానికి వచ్చు జబ్బులలో మొదటిది గుల్ల పలుచబడి పొరలు లేచిపోవుట. గుల్ల యంతయు సున్నపు పదార్థమే గనుక మేతలో అది తక్కువైనచో ప్రాణి తన గోడను తానే కట్టుకొనలేదు. దానికి వారు పెట్టు మందు మన బారువ, కళింగపట్నపు ఇసుకలో అలలు తెచ్చి పడవేయు సముద్రఫేనము, పచారి కొట్లలో చెవిపోటు మందుగా అమ్ముదురే, ఆ తెల్లని నురుగుబిళ్లయే. నత్త తన గరుకు నాలుకతో దానిని రాత్రంతయు గీకి తినును. ఇచ్చట ఒక జాగ్రత్త చెప్పక తప్పదు: సముద్రఫేనమును, కాల్చని గుల్లపొడిని పెట్టవచ్చును గాని, బట్టీలో కాలిన సున్నము తగిలినచో నత్త మేను ఉడికిపోవును. గుల్లపొడియు, సున్నమును ఒకే గుల్లనుండి వచ్చినను, నిప్పు నడుమ వచ్చి మందును విషముగా మార్చినది. పగిలిన గుల్లకు కట్టు అక్కరలేదు; తడి, మేత, సున్నపు పదార్థము అమరినచో పగుళ్ల క్రింద క్రొత్త పొర తానే యేర్పడును. చేయి మాత్రము సబ్బుతో కడుగవలెను. ఎలుకల ఊపిరితిత్తుల పురుగు నత్తలను ఆశ్రయించి మనుష్యుని మెదడునకు చేటు తెచ్చునని శాస్త్రజ్ఞులు నిర్ధారించియున్నారు.

మన కొండలకు స్వంత నత్తలు లేకపోలేదు. 1860 మొదలు 1882 వరకు మదరాసు అటవీశాఖకు అధిపతియైన బెడ్డోము దొర, పాత విశాఖపట్నము జిల్లాలోని గొలుగొండ కొండలలో తిరిగి పాములను, బల్లులను, మొక్కలను సేకరించినవాడు, దక్షిణదేశపు నేలనత్తలను గూర్చియు వ్రాసెను. 1914లోను, 1921లోను వెలువడిన గూడే అను శాస్త్రజ్ఞుని గ్రంథసంపుటములలో దేశపు నేలనత్తల పట్టికలున్నవి. కంచె మొదట వాడిపోయి చిక్కిన దేశవాళీ నత్త నొకదానిని ఇంటికి తెచ్చి కోలుకొనజేసినవారు దానిని ఆ కంచెలోనే మరల విడువవచ్చును. ఆఫ్రికా నత్తను సాకువారికి ఆ వెసులుబాటు లేదు. అది పెట్టిన గ్రుడ్లను గడ్డకట్టించి చంపిన గాని పారవేయరాదు, పెరటి మట్టిలో కప్పిపెట్టినచో మొదటి వానలకే అవి బయటికి వచ్చును.