మత్తుకు ముందు ఒక మాట



మీ ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ జరిగి ఉంటే ముందురోజు సాయంత్రం గుర్తుండే ఉంటుంది. మత్తు ఇచ్చే డాక్టరు మంచం దగ్గరికి వచ్చి, "పళ్లు ఏమైనా కదులుతున్నాయా? ఇదివరకు ఎప్పుడైనా మత్తు ఇచ్చారా?" అని అడుగుతారు. కోసేది కడుపైతే పళ్ల గొడవ ఎందుకని మనం నవ్వుకుంటాం. కాని ఆ నాలుగు మాటల వెనుక పెద్ద చరిత్రే ఉంది.

1846 అక్టోబరు 16న అమెరికాలోని బోస్టన్ నగరంలో, మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో, మోర్టన్ అనే దంతవైద్యుడు ఈథర్ పీల్పించి ఒక రోగికి మత్తు కలిగించాడు. వారెన్ అనే సర్జన్ ఆ రోగి మెడ మీది కంతిని కోశాడు. అంతకుముందు రోగిని నలుగురు పట్టుకుంటే తప్ప కత్తి ఆడేది కాదు. మరుసటి ఏడాదే ఎడింబరోలో సింప్సన్ క్లోరోఫాం వాడాడు. 1848 జనవరిలో ఇంగ్లండులో హన్నా గ్రీనర్ అనే 15 ఏళ్ల బాలిక, కాలిగోరు తీయించుకోవడానికి వెళ్లి, క్లోరోఫాం మత్తులోనే ప్రాణం విడిచింది.

మత్తులో ముందు ఆగేది ఊపిరా, గుండెా? ఈ ప్రశ్న మన హైదరాబాదుకూ వచ్చింది. రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ పూనికతో, నిజాం ప్రభుత్వ సాయంతో, 1888లోనూ 1889లోనూ క్లోరోఫాం కమిషన్లు పనిచేశాయి. ఊపిరిని కనిపెట్టి ఉంటే చాలునన్నాడు లారీ. గుండె కూడా హఠాత్తుగా ఆగవచ్చునని తరువాతి పరిశోధనలు తేల్చాయి.

మందును ఇంతగా పరీక్షించారు, సరే. మరి మాట సంగతి? మోర్టన్ ఈథర్ ఇచ్చిన ఆ ఆసుపత్రిలోనే ఎగ్బర్ట్ అనే మత్తు వైద్యుడు, ఆయన సహచరులు దాన్నీ పరీక్షించి 1964లో ఫలితాలు ప్రకటించారు. కడుపు ఆపరేషన్‌కు వచ్చిన 97 మందిలో కొందరికి నొప్పి ఎక్కడ వస్తుందో, ఎంతకాలం ఉంటుందో, ఎలా ఊపిరి పీల్చాలో, ఎలా ఒత్తిగిలాలో ముందుగానే చెప్పారు. అలా చెప్పించుకున్నవారికి నొప్పి మందు దాదాపు సగమే సరిపోయింది. వారు సగటున రెండున్నర రోజులకు పైగా ముందే ఇంటికి వెళ్లారు.

మాటకు చట్టం బలమూ ఉంది. పరీక్ష కోసం మత్తు ఇచ్చిన ఒక స్త్రీకి, ఆమె తల్లి అంగీకారం తీసుకుని గర్భసంచి తొలగించారు. అత్యవసరం లేనప్పుడు అది చెల్లదని 2008లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. వివరం తెలిసి రోగి స్వయంగా ఇచ్చిందే అంగీకారం.

ఇక మన సంగతి. బళ్లారిలో కన్నడం, వేలూరులో తమిళం, బరంపురంలో ఒడియా. చదవరాని కాగితం మీద వేలిముద్ర వేసి లోపలికి వెళ్లే పెద్దలు మనలో ఎందరో! అలా వేయకండి. "మాకు తెలుగులో చెప్పించండి" అని అడగండి. అందులో నామోషీ లేదు. తెలుగు తెలిసిన నర్సు ఉండవచ్చు, లేదా రెండు భాషలూ వచ్చిన మనవణ్ణి వెంట తీసుకువెళ్లండి.

అడిగినదానికి నిజం చెప్పండి. కదిలే పన్ను ఊడి ఊపిరి గొట్టంలో పడవచ్చు. "గుక్కెడు కాఫీయే కదా" అని దాచిపెడితే, కడుపులోనిది మత్తులో పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. బీపీ, షుగరు, పడని మందులు, వాడుతున్న నాటుమందులు ఏవీ దాచకండి.

మత్తు ఎక్కాక మనం మాట్లాడలేం. మాట్లాడవలసింది ముందే. సెలవు.