మిరప కల్లంలో ఉయ్యాల

అమ్మ ఆస్పత్రిలో ఉన్న రోజుల్లో నా ఉదయం తరగతుల్ని మధ్యాహ్నానికి మార్చమని పనిచేసేచోట అడిగాను. ‘ఇంటి సంగతులు ఇంట్లో చూసుకోవాలమ్మా’ అన్నారు. ఇల్లు వేరు, పని వేరు అని ఎవరు గీత గీశారు?

అమ్మమ్మ కూలికి వెళ్ళిన గుంటూరు మిరప చేలల్లో ఆ గీత లేదు. కాయల కోతకు వెళ్ళిన తల్లి వేపకొమ్మకు చీరతో ఉయ్యాల కట్టేది. అమ్మ అలా పెరిగిన పిల్లే. కల్లంలో తొడిమలు తీసే పనికి కిలోల లెక్కన కూలి. మధ్యలో లేచి పాలివ్వొచ్చు. ఇవాళ్టి భాషలో అది పనివేళల వెసులుబాటు. కానీ లేచిన ప్రతిసారీ కూలి తగ్గేది. మిరప ఘాటు పసివాళ్ళ కళ్ళల్లో పడేది. వెసులుబాటు ఖరీదంతా తల్లే కట్టింది.

పొగాకుతో పాటు ఫ్యాక్టరీ వేళలు వచ్చాయి. 1912లో ఏర్పడిన ఇండియన్ లీఫ్ టొబాకో డెవలప్‌మెంట్ కంపెనీ చీరాలలో వేళ్ళూనుకుంది. పొగాకు గ్రేడింగ్ స్త్రీల చేతుల మీద నడిచింది. యాభైమందికి మించి స్త్రీలు పనిచేసేచోట ఆరేళ్ళలోపు పిల్లలకు శిశుగృహం ఉండాలని 1948 ఫ్యాక్టరీల చట్టం చెప్పింది. 1976లో ఆ సంఖ్య ముప్ఫైకి తగ్గింది. పోరాడి తెచ్చుకోదగ్గ హక్కే అది. అయితే చట్టం లెక్కపెట్టింది స్త్రీలనే, అంటే పిల్లలు తల్లి బాధ్యతేనన్నమాట. మిరప చేను ఫ్యాక్టరీ కాదు కనుక అమ్మమ్మ ఆ లెక్కలోకే రాలేదు.

2017 ప్రసూతి ప్రయోజనాల సవరణ కొంత మారింది. యాభైమంది ఉద్యోగులుంటే, వాళ్ళు ఆడవాళ్ళయినా మగవాళ్ళయినా, శిశుగృహం ఉండాలంది. పని స్వభావం అనుమతిస్తే, యజమాని ఒప్పుకుంటే, సెలవు తర్వాత ఇంటినుంచి పనిచేయొచ్చంది. ఇరవయ్యారు వారాల సెలవు మాత్రం తల్లికే. మంచంపట్టిన అమ్మను చూసుకునే కూతురి ఊసు అందులో లేదు.

చేలకు దగ్గరగా వచ్చింది 2005 ఉపాధి హామీ చట్టం. పనిచోట ఆరేళ్ళలోపు పిల్లలు ఐదుగురుంటే, వాళ్ళను చూసే స్త్రీకి కూలి ఇవ్వాలంది. పిల్లల్ని చూడటం పనేనని, దానికి డబ్బు కట్టాలని ఒప్పుకున్న మాట అది. ఆ పనీ స్త్రీకే అప్పగించారన్నది వేరే సంగతి.

నేను సెలవు పెట్టాను. జీతంలో కోత పడింది. అమ్మమ్మకు కూలి కోత, నాకు జీతం కోత. మధ్యలో మూడు చట్టాలు. వెసులుబాటు కావాలా అని అడిగేవాళ్ళను మనం ముందుగా అడగాల్సింది ఒక్కటే: దాని ఖరీదు ఎవరు కడతారు?