4.3 పేరు నుంచి చిరునామాకు: డీఎన్ఎస్ చరిత్ర, మెయిల్ సర్వర్ దోషాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు డీఎన్ఎస్ ఎందుకు పుట్టిందో వివరించగలుగుతారు. మెయిల్ సర్వర్‌లో దోషం ఏ మెట్టు వద్ద ఉన్నదో గుర్తించగలుగుతారు.

4.3.1 ఒకే జాబితా

కంప్యూటర్లు అంకెల చిరునామాలతో పనిచేస్తాయి. మనకు పేర్లు గుర్తుంటాయి. ఆర్పానెట్‌లో ఈ రెండింటినీ జతపరిచే జాబితా ఒకే ఫైలుగా కాలిఫోర్నియాలోని ఎస్ఆర్ఐ సంస్థలో ఉండేది. మిగిలిన కేంద్రాలు దాని నకలు తెచ్చుకొనేవి. యంత్రాలు పెరిగేకొద్దీ నకళ్లు పాతబడేవి, పేర్లు ఢీకొనేవి.

4.3.2 బాధ్యతల పంపిణీ

1983 నవంబర్‌లో పాల్ మొకపెట్రిస్ ఆర్ఎఫ్‌సి 882, 883 పత్రాలలో పరిష్కారం సూచించాడు: ప్రతి సంస్థ తన పేర్ల జాబితాను తానే నిర్వహించాలి, పైస్థాయి, ఎవరిని అడగాలో మాత్రమే చెప్పాలి. సింగరేణితో పోల్చి చూడండి. గోదావరిఖనిలోని జీడీకే-11 ఇంక్లైన్‌లో ఈ షిఫ్టుకు ఎవరు వచ్చారో తెలియాలంటే కొత్తగూడెం ప్రధాన కార్యాలయం ఏరియాను చూపుతుంది, ఏరియా గనిని చూపుతుంది. మస్టరు గనిలోనే ఉంటుంది.

4.3.3 మెయిల్‌కు ప్రత్యేక రికార్డు

ఒక సంస్థ మెయిల్‌ను ఏ యంత్రం అందుకోవాలో తెలిపే ఎంఎక్స్ రికార్డు వాడకాన్ని 1986 జనవరిలో క్రెయిగ్ పార్ట్రిడ్జ్ ఆర్ఎఫ్‌సి 974లో వివరించాడు. 1995 ఆగస్టు 15న వీఎస్ఎన్ఎల్ మన దేశంలో ప్రజలకు ఇంటర్నెట్ సేవ ప్రారంభించేనాటికి ఈ పద్ధతి స్థిరపడింది.

4.3.4 దోషాన్ని వెతికే క్రమం

గోదావరిఖనిలోని ఒక కార్యాలయం పంపిన ఇంటర్వ్యూ పిలుపు అభ్యర్థికి చేరలేదనుకుందాం. ఈ క్రమంలో పరీక్షించాలి:

1. సర్వర్ ఏ డీఎన్ఎస్‌ను అడుగుతున్నది? అది జవాబిస్తున్నదా?
2. గ్రహీత డొమైన్‌కు ఎంఎక్స్ రికార్డు వస్తున్నదా?
3. ఎంఎక్స్ చూపే పేరుకు అంకెల చిరునామా ఉన్నదా?
4. మన సర్వర్ అంకెల చిరునామా నుంచి తిరిగి పేరు వస్తున్నదా? రాకపోతే అనేక సర్వర్లు మెయిల్‌ను తిరస్కరిస్తాయి.

‘పేరు లేదు’ అనే జవాబుకూ, జవాబే రాకపోవడానికీ తేడా ఉన్నది. మొదటి సందర్భంలో మెయిల్ వెంటనే వెనక్కి వస్తుంది. రెండవ సందర్భంలో వరుసలో నిలిచిపోతుంది. సర్వర్ సాధారణంగా నాలుగైదు రోజులు మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. పంపినవారు చేరిందనుకుంటారు, అభ్యర్థికి గడువు దాటిపోతుంది. కాబట్టి వరుసను రోజూ చూడటం నిర్వాహకుని విధి. రికార్డు సరిదిద్దిన తరువాత కూడా ఇతర సర్వర్లు దాచుకొన్న పాత జవాబు దాని కాలపరిమితి ముగిసేవరకు వాడుకలో ఉంటుంది. 1983కు పూర్వపు పాత నకళ్ల సమస్య ఆ మేరకు నేటికీ మిగిలే ఉన్నది. అయితే ఇప్పుడు దానికి గడువు ఉన్నది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. ఒకే జాబితా పద్ధతి ఎందుకు విఫలమైంది?
2. మెయిల్ వెంటనే వెనక్కి రాకుండా వరుసలో నిలిచిపోతే, మొదట ఏ మెట్టును పరీక్షిస్తారు? ఎందుకు?