రైలుహత్యా కథలు – సాక్షి సమస్య

అపరాధపరిశోధన కథను కాలక్షేపమునకై పుట్టిన రచనగా నెంచి ప్రక్కకు నెట్టుట సాహిత్యవిమర్శలో వాడుకయైనది. కాని ఆంగ్లభాషలోని రైలుహత్యా కథలను కాలక్రమమున పరిశీలించినచో, వానిలో నొక గంభీరమైన ప్రశ్న కలదని తేటపడును: నేరమును చూచినవారెవరు? రైలుపెట్టె నిర్మాణముతోపాటు ఈ ప్రశ్నకు సమాధానమును మారుచు వచ్చినది.

ఈ కథలకు పూర్వరంగము వాస్తవమున నున్నది. 19వ శతాబ్ది మధ్యమున ఇంగ్లండులో రైలుపెట్టెలు విడివిడి గదులుగా నుండెడివి. గదినుండి గదికి దారి లేదు. తలుపులు వెలుపలికే తెరచుకొనును. బండి కదలినది మొదలు తరువాతి స్టేషను వరకు లోనివారి కేకలు వినువారు లేరు. 1864 జూలై 9వ తేదీ రాత్రి లండనులో థామస్ బ్రిగ్స్ అను 69 ఏండ్ల బ్యాంకు ఉద్యోగి అట్టి మొదటి తరగతి గదిలో దెబ్బలు తిని, పట్టాలపై పడవేయబడెను, మరునాడు మరణించెను. చూచినవారు లేరు. గదిలో మిగిలిన టోపీ బ్రిగ్సుది కాదు. ఆ టోపీ ఆధారముననే ఫ్రాంజ్ ముల్లర్ అను జర్మను దర్జీ పట్టుబడి, నవంబరు 14న ఉరితీయబడెను. పిమ్మట కొన్ని పెట్టెలలో ప్రక్కగది కనబడునట్లు గోడలకు కంతలు చేసి అద్దములమర్చిరి. 20 మైళ్లకు మించి ఆగక పోవు బండ్లలో ప్రయాణికులు సిబ్బందిని పిలుచుటకు సాధనముండవలెనని 1868 నాటి చట్టము విధించెను.

సాక్షి లేని స్థలమున వస్తువే సాక్షి. 1908లో వెలువడిన కానన్ డాయిల్ ‘బ్రూస్-పార్టింగ్టన్ ప్లాన్స్’ కథయందు ఈ సూత్రమే తలక్రిందైనది. పట్టాల ప్రక్కన శవము దొరకును. జేబులో టిక్కెట్టు లేదు. హత్య వేరొకచోట జరిగినది; శవము పెట్టె కప్పుపై నుంచబడినది. ఇచట రైలే కూటసాక్షి.

1892లో బ్రిటనునందు పెట్టెలన్నిటిని కలుపు నడవగల బండి నడచినది. గదులకు దారి యేర్పడగా అనుమానమును అందరిపై వ్యాపించినది. అగథా క్రిస్టీ 1934లో ప్రకటించిన ‘మర్డర్ ఆన్ ది ఓరియంట్ ఎక్స్‌ప్రెస్’ నవలకు ఈ నడవయే రంగస్థలము. 1929లో ఆ బండి టర్కీలో మంచున చిక్కుకొనుటయు, 1932లో అమెరికాలో లిండ్‌బర్గ్ శిశువు హత్యకు గురియగుటయు ఇతివృత్తమునకు తోడ్పడినవి. సాక్షులు అనేకులున్నారు, ఒకరి మాటను మరియొకరు బలపరతురు. ఆ పొందికయే శంకాస్పదము, ఏలయన సాక్షులే హంతకులు. హతుడు శిశుహత్య చేసియు శిక్షను తప్పించుకొనినవాడు. కావున చట్టము విఫలమైనచోట ధర్మమును నిర్ణయించు అధికారమెవరిదను ప్రశ్నను నవల పాఠకునికే విడుచుచున్నది.

1957 నాటి ‘4.50 ఫ్రమ్ పాడింగ్టన్’లో సమస్య మరల మారినది. సమాంతరముగా పోవు రెండు బండ్లలో నొకదాని కిటికీనుండి, రెండవదానిలో స్త్రీ గొంతు నులుమబడుటను ఒక వృద్ధురాలు కన్నులార చూచును. శవము కానరాదు, అధికారులకు నమ్మిక కలుగదు. మిస్ మార్పుల్ మాత్రమే స్నేహితురాలి మాటను విశ్వసించును.

చూచినవారు లేని గది, చూచితిమని బొంకు నడవ, చూచినను నమ్మబడని కిటికీ – ఇవి ఈ కథాచరిత్రలో మూడు దశలు. బ్రిగ్సు కాలమున గోడకు అద్దమమర్చినచో భయము తీరునని తలంచిరి. చూపు సాక్ష్యమగుటకు వినువారి విశ్వాసము కూడ వలయునని క్రిస్టీ నవల నిరూపించినది. కథాశిల్పమును పరిశీలించు విద్యార్థులు స్థలనిర్మాణమును సైతము చరిత్రాధారముగా గ్రహింపవలెననుటకు ఇంతకంటె మంచి నిదర్శనము అరుదు.